ఆకు మందు, ఇంగ్లీషు బిళ్ళ ఒకే కడుపులో పడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నరసన్నపేట దగ్గర. పద్దెనిమిదేళ్లుగా మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. చీటీ పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది చీటీలో లేని మందు ఇంకోటి కూడా వాడుతుంటారు. ఊళ్లో ఎవరో ఇచ్చిన పసరు కావచ్చు, సంతలో కొన్న వేరు కావచ్చు, ఫోన్‌లో యాడ్ చూసి తెప్పించుకున్న క్యాప్సూల్ కావచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పరు, నాకూ చెప్పరు, మాటల్లో ఎప్పుడో బయటపడుతుంది. చెట్టు మందులంటే నాకు వ్యతిరేకత లేదు, మా ఇంట్లో జలుబు చేస్తే ఇప్పటికీ ముందు పొయ్యి మీద పెట్టేది శొంఠి కషాయమే. కానీ రెండు రకాల మందులూ ఒకే ఒంట్లోకి వెళ్తున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిసి వాడటం వేరు, తెలియక వాడటం వేరు. కౌంటర్ దగ్గర జనం నన్ను అడిగే ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను.

చెట్టు మందు సహజమైనదే కదా, దానివల్ల ఇంగ్లీషు మందుకేం అవుతుంది?

సహజమైనదే. కానీ పెరట్లో పూసే బిళ్ళగన్నేరూ సహజమైనదే, క్యాన్సర్‌కి ఎక్కించే విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ మందులు దాన్నుంచే వచ్చాయి. గుండె జబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ కూడా ఒక మొక్క నుంచి వచ్చిందే. మొక్కలో ఏ బలమూ లేకపోతే జబ్బు మీద కూడా పనిచేయకూడదు కదా. పనిచేసే గుణం ఉందంటే పక్క మందును కదిలించే గుణం కూడా ఉండొచ్చు.

లోపల జరిగేది ఇది. మింగిన బిళ్ళ కరిగి పేగు గోడ దాటాలి, అక్కణ్నుంచి లివర్‌కి వెళ్లాలి, ఆ తర్వాతే ఒళ్లంతా తిరుగుతుంది. పేగు గోడలోనూ లివర్‌లోనూ మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి, వాటిని సైటోక్రోమ్ పి450 కుటుంబం అంటారు. అందులో సీవైపీ3ఏ4 అనే ఒక్క ఎంజైమే మనం వాడే మందుల్లో చాలావాటి పని చూస్తుంది. దీనికి తోడు పేగు గోడలో పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు ఒకటి ఉంటుంది, లోపలికి వచ్చిన మందును కొంత మళ్లీ బయటికి తోసేస్తుంది. డాక్టరు 5 మిల్లీగ్రాములనో 10 మిల్లీగ్రాములనో రాసేది, ఇంత భాగం దారిలోనే పోతుంది అనే లెక్క వేసుకునే.

పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీ చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. రోజూ ఇన్ని బస్తాలు దిగుతాయి, ఇంతమంది కొడతారు, సాయంత్రానికి లెక్క సరిపోతుంది. సగం మంది పనిలోకి రాకపోతే బస్తాలు గుట్టపడిపోతాయి. రెట్టింపు మంది వస్తే మధ్యాహ్నానికే సరుకు అయిపోతుంది. కొన్ని మూలికలు ఆ ఎంజైములను పని చేయనివ్వవు, అప్పుడు మందు రక్తంలో పేరుకుపోతుంది. కొన్ని మూలికలు లివర్ చేత ఎంజైములను ఎక్కువగా తయారు చేయిస్తాయి, అప్పుడు మందు పనిచేయకముందే ఖర్చయిపోతుంది. మీరు మింగింది మాత్రం అదే బిళ్ళ.

నిజంగా అలా జరిగిన సంగతులు ఉన్నాయా, లేక భయపెట్టడానికి చెప్తారా?

ఉన్నాయి, మన దేశంలోనే ఉన్నాయి. మూర్ఛ జబ్బుకు ఫెనిటాయిన్ బిళ్ళలు వాడుతూ మళ్లీ ఫిట్స్ రావడం మొదలైన రోగుల గురించి 1992లో మన డాక్టర్లే రాశారు. వాళ్లు జ్ఞాపకశక్తికీ నరాలకూ మంచిదని శంఖపుష్పి కలిసిన ఆయుర్వేద మందు కూడా తీసుకుంటున్నారు. దాంతో రక్తంలో ఫెనిటాయిన్ తగ్గిపోయింది. బిళ్ళ ఒక్క పూట కూడా మానలేదు, అయినా ఫిట్స్ వచ్చాయి.

నా కళ్ల ముందు జరిగింది ఇంకోటి చెప్తాను. గుండె వాల్వు మార్పించుకుని రక్తం పలచబడే బిళ్ళ వేసుకుంటున్న ఒక పెద్దావిడ, మా షాపుకు ఏళ్లుగా వచ్చే మనిషి, ఒకరోజు కౌంటర్ మీద చెయ్యి పెట్టి "ఏటి బాబూ, పళ్లు తోమితే నెత్తురొచ్చేత్తంది" అంది. మోచేతి కింద అరచెయ్యంత నల్లటి మచ్చ, ఎక్కడా తగిలించుకోలేదట. "అమ్మా, కొత్తగా ఏమైనా వాడుతున్నారా" అంటే లేదంది. నేను వదల్లేదు, సంచీ బోర్లించమన్నాను. బిళ్ళల అట్టల మధ్యలోంచి మోకాళ్ల నొప్పులకని కోడలు తెప్పించిన పసుపు క్యాప్సూళ్ల డబ్బా వచ్చింది, సగం ఖాళీ. డబ్బా మీద కర్క్యుమిన్, పైపరిన్ అని రాసి ఉంది. పైపరిన్ అంటే మిరియాల సారమే. ఆ రోజే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకు పంపాను, ఉండాల్సినదానికి బాగా పైనే వచ్చింది. డాక్టరు రెండు రోజులు బిళ్ళ ఆపించి, క్యాప్సూళ్లు పూర్తిగా మాన్పించారు. రెండు వారాలకు దారికొచ్చింది. నూటికి నూరుపాళ్లు ఆ డబ్బాదే తప్పని నేను రుజువు చేయలేను. కానీ 2018లో న్యూజిలాండ్ ఆరోగ్య శాఖ ఇలాంటిదే ఒక హెచ్చరిక ఇచ్చింది: రక్తం పలచబరిచే వార్ఫరిన్ బిళ్ళ వాడే ఒక మనిషి పసుపు ఉత్పత్తి మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఐఎన్ఆర్ 10 దాటింది. సాధారణంగా 2 నుంచి 3 మధ్య, కొన్ని వాల్వులకు ఇంకాస్త పైన ఉండాల్సిన అంకె అది. 10 అంటే తలలో రక్తస్రావం అయ్యేంత ప్రమాదం.

అయితే చారులో మిరియాలు, కూరలో పసుపు మానేయాలా?

అక్కర్లేదు. ఇది అందరూ తప్పుగా అర్థం చేసుకునే చోటు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. వంటలో వేసే చిటికెడు పసుపు, చారులో దంచి వేసే నాలుగు మిరియాలు, పోపులో వెల్లుల్లి, ఇవి తరతరాలుగా తింటున్నవే, డాక్టరు మోతాదు కుదిర్చేటప్పుడు కూడా మీరు అవి తింటూనే ఉన్నారు. చిక్కు వచ్చేది సారం తీసి, చిక్కబెట్టి, క్యాప్సూల్‌లో కూరినప్పుడు. ఒక క్యాప్సూల్‌లో ఉండే కర్క్యుమిన్ కోసం ఎన్ని చెంచాల పసుపు తినాలో ఆలోచించండి.

పసుపు మామూలుగా ఒంటికి పట్టడం తక్కువ. పైపరిన్ కలిపి ఇస్తే రక్తంలోకి ఎక్కే కర్క్యుమిన్ 20 రెట్లు పెరిగిందని 1998లో మన దేశంలోనే మనుషుల మీద చేసిన పరిశోధనలో తేలింది, అందుకే కంపెనీలు ఆ రెండూ కలుపుతాయి. పసుపును లోపలికి తోసే ఆ మిరియాల సారం పక్కనున్న బిళ్ళను వదిలిపెడుతుందా? ఫెనిటాయిన్, ప్రొప్రనలోల్, థియోఫిలిన్ లాంటి మందులు పైపరిన్‌తో రక్తంలో పెరిగినట్టు పరిశోధనలు ఉన్నాయి. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిపిన త్రికటు మన పాత మందుల్లో చాలావాటిలో ఉంటుంది. పక్క మందుకు బలం ఇవ్వడానికే దాన్ని కలిపేవారు. పెద్దలకు ఆ సంగతి ముందే తెలుసు. కాకపోతే అప్పుడు పక్కన రక్తం పలచబరిచే ఎసిట్రోమ్ బిళ్ళ లేదు.

పంపరపనస తినకూడదంటున్నారు, నిజమేనా?

కొన్ని మందులతో నిజమే. దీని కథ కొంచెం చెప్పాలి. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందుకూ సారాకూ సంబంధం చూస్తోంది. సారా రుచి తెలియకుండా ఉండటానికి గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. తీరా చూస్తే మందు రక్తంలో అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కనపడింది. సారాది కాదు, ఆ రసానిది ఆ పని. అందులో ఉండే ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు పేగు గోడలోని సీవైపీ3ఏ4ను కట్టిపడేస్తాయి.

గ్రేప్‌ఫ్రూట్ మన సంతల్లో దొరకదు. కానీ అది పంపరపనస, తీపి నారింజ జాతుల సంకరం, అంటే మన పెరళ్లలో పెద్ద తలకాయంత కాసే పంపరపనస దానికి తల్లి వరస. ఆ పదార్థాలు ఇందులోనూ ఉన్నాయి. కిడ్నీ మార్పిడి చేయించుకుని సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వాడేవాళ్లు ఈ పండు జోలికి వెళ్లకపోవడమే మంచిది. కొలెస్ట్రాల్‌కి అటార్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లు రోజూ కాయలకు కాయలు తింటే ఒళ్లు నొప్పులు, కండరాల దెబ్బ రావొచ్చు. రోసువాస్టాటిన్‌కి ఈ గొడవ లేదు. వినాయక చవితికి నాలుగు తొనలు తిన్నానని టెన్షన్ పడే పని సాధారణ బీపీ, షుగర్ రోగులకు లేదు.

పొద్దున బిళ్ళ, సాయంత్రం కషాయం, మధ్యలో గ్యాప్ ఇస్తే సరిపోతుందా?

రోజుకు నలుగురైనా అడుగుతారు ఇది. కొన్నింటికి సరిపోతుంది, కొన్నింటికి అస్సలు సరిపోదు.

సరిపోయేవి ముందు చెప్తాను. ఇసబ్గోల్, మెంతి పొడి లాంటి జిగురు, పీచు ఉన్నవి కడుపులో బిళ్ళను చుట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. థైరాయిడ్ బిళ్ళకు ఇది బాగా తగులుతుంది. ఇక్కడ తేడా ఇవ్వడమే మందు. థైరాయిడ్ బిళ్ళ పరగడుపున వేసుకుని, ఇవి నాలుగు గంటల తర్వాత తీసుకోవాలి.

కానీ ఎంజైముల మీద పడే వాటికి గంటల లెక్క పనికిరాదు. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ జాతి రసం కట్టిపడేసిన ఎంజైము మళ్లీ పనిలోకి రాదు, ఒళ్లు కొత్తది తయారు చేసుకోవాల్సిందే, దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అంటే నిన్న రాత్రి తిన్నది ఇవాళ పొద్దుటి బిళ్ళనూ పట్టుకుంటుంది. ఎంజైములను పెంచే మూలికలైతే ఇంకా నెమ్మది, ప్రభావం ఎక్కడానికి వారం పది రోజులు, దిగడానికి రెండు వారాల దాకా పడుతుంది.

ఇందులోంచే ఇంకో ప్రమాదం పుడుతుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. నెలల తరబడి ఒక మూలిక వాడుతుంటే మందు తగ్గిపోయి, డాక్టరు ఆ సంగతి తెలియక మోతాదు పెంచారనుకోండి. ఒకరోజు మీరు ఆ మూలిక మానేశారు. ఎంజైములు మామూలు స్థితికి వచ్చేస్తాయి, పెంచిన మోతాదు మాత్రం అలాగే ఉంటుంది, అప్పుడు మందు విషమవుతుంది. కాబట్టి మొదలుపెట్టేటప్పుడే కాదు, మానేసేటప్పుడూ చెప్పండి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి మనసు తేలికగా ఉంటుందని ఒక సీసా పంపించాడు. వాడొచ్చా?

సీసా మీద సెయింట్ జాన్స్ వోర్ట్ అని ఉంటే, మీరు ఇంకే బిళ్ళ వాడుతున్నా, అడగకుండా మూత తీయొద్దు. ఎంజైములను పెంచే మూలికల్లో దీనికంటే పేరు మోసినది లేదు. 2000 సంవత్సరంలో వచ్చిన ఒక పరిశోధనలో ఇది హెచ్ఐవీ మందు ఇండినావిర్‌ను రక్తంలో సగానికి పైగా తగ్గించేసింది. అదే ఏడాది, గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరిలో ఈ మూలిక వల్ల సైక్లోస్పోరిన్ పడిపోయి, ఒళ్లు కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టిందని స్విట్జర్లాండ్ డాక్టర్లు రాశారు. గర్భం రాకుండా వాడే మాత్రలు కూడా దీంతో పనిచేయకుండా పోవచ్చు. డిప్రెషన్ బిళ్ళలతో కలిస్తే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి వేరే ప్రమాదం. అబ్బాయి ప్రేమతో పంపాడు, అతనికి మీ బిళ్ళల లిస్టు తెలియదు, అంతే.

షుగర్‌కి కాకరకాయ రసం, పొడపత్రి తీసుకుంటున్నాను, బిళ్ళ కూడా వేసుకుంటున్నాను. పర్వాలేదా?

ఇక్కడ గొడవ ఎంజైములది కాదు, రెండూ ఒకే పని చేయడం. గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ లాంటి బిళ్ళ గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ, పరగడుపున గ్లాసుడు కాకర రసం తాగి, పొలం పనికో వాకింగ్‌కో వెళ్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. కాకరకాయ కూర తినండి, ఎవరూ వద్దనరు. రసం, పొడి, క్యాప్సూల్ మొదలుపెడితే మాత్రం మొదటి రెండు వారాలు ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకుంటూ, ఆ అంకెలు డాక్టరుకు చూపించండి. షుగర్ తగ్గుతోందని సొంతంగా బిళ్ళ మానేయడం ఇంకా పెద్ద తప్పు.

బీపీ ఉంది, దగ్గుకు అతిమధురం వాడుతున్నాను.

నాలుగైదు రోజులు చిన్న ముక్క చప్పరిస్తే సరే. వారాల తరబడి కషాయంగా వద్దు. అతిమధురంలో ఉండే గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి పొటాషియంను బయటికి పంపేస్తుంది. బీపీ పెరుగుతుంది. ఒంట్లో నీరు పోవడానికి ఫ్రూసెమైడ్, గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లకు ఆ పొటాషియం తగ్గడం గుండె లయనే తప్పిస్తుంది.

మాది ఉద్దానం, కిడ్నీ జబ్బు ఉంది. క్రియాటినిన్ (కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగేది) తగ్గడానికి ఎవరో వేరు మందు ఇస్తున్నారు, వాడమంటారా?

వద్దు. మిగతా జవాబుల్లో "చూసుకుని వాడండి" అన్నాను, ఇక్కడ మాత్రం అనను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ల చేతుల్లో రిపోర్టుల కట్ట చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది. భర్త తర్వాత కొడుక్కి అదే జబ్బని తెలిసిన తల్లికి ఎవరేం చెప్పినా ఆశ పుడుతుంది, ఆ ఆశను తప్పు పట్టలేను.

కానీ చూడండి. చాలా మందులు కిడ్నీల గుండానే బయటికి పోతాయి, కిడ్నీ బలహీనపడితే అవి ఒంట్లోనే ఉండిపోతాయి, కాబట్టి మీకు ప్రతి మోతాదూ లెక్క కట్టి రాసినదే. దాని మీద పేరు తెలియని వేరు వేస్తే ఆ లెక్క తప్పుతుంది. గాడిదగడపాకు, ఈశ్వరి వేరు లాంటి మొక్కల జాతిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది, అది నేరుగా కిడ్నీలను చంపేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన మూలికా మందుల్లో ఈ జాతి మొక్క కలిసి, వంద మందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానం జబ్బుకు ఇదే కారణమని నేను అనడం లేదు. ఉన్న కాస్త కిడ్నీని దీనికి బలి ఇవ్వొద్దంటున్నాను. లేబుల్ లేని పొడుల్లో నొప్పి బిళ్ళలు, స్టిరాయిడ్లు దంచి కలిపే మోసం కూడా ఉంది, నొప్పి బిళ్ళలు కిడ్నీకి మొదటి శత్రువులు. లోహాలను కాల్చి చేసే భస్మాల సంగతి కూడా అంతే. 2004లో అమెరికాలోని బోస్టన్‌లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనపడింది.

ఇంకోమాట, ఇది మందు కాదు గానీ మన కొబ్బరి తోటల ఊళ్లకు చెప్పకుండా ఉండలేను. టెల్మిసార్టాన్, లోసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వాడే కిడ్నీ రోగులు చలవ చేస్తుందని రోజూ కొబ్బరిబొండాలు తాగొద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ, ఈ బిళ్ళలు దాన్ని బయటికి పోనివ్వవు, కిడ్నీ కూడా పంపలేదు.

కామెర్లకు పసరు తాగితే పథ్యంలో ఇంగ్లీషు మందులన్నీ మానేయమన్నారు.

పథ్యం పేరుతో ఉప్పు, కారం మానుకోండి, ఫిట్స్ బిళ్ళ, గుండె బిళ్ళ, థైరాయిడ్ బిళ్ళ, టీబీ మందులు సొంతంగా మానొద్దు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ రావొచ్చు. అయితే టీబీ మందులు వాడుతుండగా కళ్లు పచ్చబడితే అది ఆ మందుల వల్లే కావొచ్చు, అప్పుడు పసరు కోసం కాదు, అదే రోజు మందులు ఇచ్చిన ఆసుపత్రికి పరిగెత్తాలి, ఏది ఆపాలో, ఏది మార్చాలో వాళ్లే చెప్తారు. లివర్ దెబ్బతిన్నప్పుడు మందుల్ని విరగ్గొట్టే పని అసలే నెమ్మదిస్తుంది, ఆ సమయంలో పసరు దాని మీద ఇంకో బరువు. తిప్పతీగ, అశ్వగంధ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్న సంగతులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి.

అరిష్టం తాగుతున్నాను, నిద్ర మాత్ర వేసుకోవచ్చా?

వద్దు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో సారా తనంతట తానే పుడుతుంది, లేబుల్ మీద చిన్న అక్షరాల్లో శాతం రాసి ఉంటుంది చదవండి. నిద్ర మాత్రతో కలిస్తే మత్తు రెట్టింపు. బెల్లం కూడా ఉంటుంది కాబట్టి షుగర్ వాళ్లూ చూసుకోవాలి.

ఆపరేషన్ ఉంది. ఎప్పుడు మానాలి?

వెల్లుల్లి, గింకో, జిన్‌సెంగ్, పసుపు క్యాప్సూళ్లు లాంటివి రెండు వారాల ముందే ఆపడం మంచిది, రక్తం గడ్డకట్టడానికి అడ్డొస్తాయి. మత్తు డాక్టరు చూడటానికి వచ్చినప్పుడు ఆయన అడిగినా అడగకపోయినా చెప్పండి.

చెప్తే డాక్టరు తిడతారు.

కొందరు తిడతారు, నాకు తెలుసు. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపే చోట మనసు విప్పి చెప్పడం కష్టమే. డాక్టర్లకు నాదొక మనవి, "నాటు మందులేమైనా తింటున్నావా" అని గద్దించి అడిగితే ప్రతివాళ్లూ లేదనే అంటారు, "ఇంట్లో కషాయాలు, పొడులు ఏమేం తీసుకుంటారమ్మా" అంటే అన్నీ చెప్తారు. రోగులకు చెప్పేది, ఆ తిట్టు ఒక్క పూట పోతుంది. డాక్టరు దగ్గర నోరు రాకపోతే మందుల షాపులో ఫార్మసిస్టుకైనా చెప్పండి. ఆయుర్వేద డాక్టరు దగ్గరికి వెళ్లినా మీ ఇంగ్లీషు బిళ్ళల అట్టలన్నీ తీసుకెళ్లి చూపించండి, చదువుకున్న వైద్యుడెవరైనా ముందు అవే చూస్తారు.

తేడా వస్తే ఎవరికి చెప్పాలి?

ముందు ఆసుపత్రికి. ఆ తర్వాత, మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది, రోగులే నేరుగా చెప్పొచ్చు. షుగర్, మూర్ఛ, బీపీ పూర్తిగా నయం చేస్తామని యాడ్ ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుపెట్టుకోండి.

పసరు ఇచ్చినాయన పేరు చెప్పడు, అందులో ఏముందో నాకే తెలియదు. డాక్టరుకు ఏం చెప్పను?

పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. ఎప్పటి నుంచి, రోజుకు ఎన్నిసార్లు, ఎంత, బిళ్ళకు ముందా తర్వాతా అన్నది ఒక కాగితం మీద రాయండి. పొడి అయితే ఆ పొట్లం, ద్రవం అయితే సీసా, వీలైతే ఆ ఆకుతో సహా చిన్న కొమ్మ కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. పోయినసారి సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక బాబు వాళ్ల నాన్నకు ఇచ్చిన వేరును తువ్వాలు కొంగున మూటగట్టి తెచ్చాడు. నేను పోల్చుకోలేకపోయాను, ఆయుర్వేద డిస్పెన్సరీ డాక్టరమ్మ చూడగానే చెప్పేశారు.